మరక పోతే శుభ్రమైనట్టేనా?
ఇంటి ముంగిట ఇంజనాయిల్ మార్పిడి – సరిహద్దు పల్లెల నీటికి పొంచి ఉన్న ముప్పు

ఆదివారం ఉదయం వేపచెట్టు నీడన ట్రాక్టరును నిలిపి, అడుగునున్న డ్రెయిన్ బోల్టు విప్పి, నల్లబడిన ఇంజనాయిల్‌ను పాత తట్టలోకి వదలడం సరిహద్దు పల్లెలలో అందరికీ పరిచితమైన దృశ్యమే. తట్టలో పడినది కొంత, అంచు దాటి నేల మీద ఒలికినది కొంత, విప్పిన ఫిల్టరు నుంచి కారినది మరికొంత. పని ముగిసిన తరువాత ఇంటి ఇల్లాలు రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి, సబ్బుపొడి చల్లి, చీపురుతో రుద్ది, ఆ నీటిని వీధి కాలువలోకి నెట్టివేస్తుంది. ముంగిలి మళ్ళీ తళతళలాడుతుంది. సాయంత్రానికి ముగ్గు కూడా పడుతుంది. చూసినవారు శుభ్రంగా ఉన్నదనే అంటారు.

ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ముంగిలి శుభ్రపడిన మాట వాస్తవమే. అయితే ఆ నల్లని నూనె ఎక్కడికి పోయింది? అది మాయం కాలేదు. ఇంటి గడప ముందు నుంచి ఊరి కాలువకు, కాలువ నుంచి చెరువుకు, చెరువు నుంచి బావికో వాగుకో దాని నివాసం మారింది, అంతే. ఇంటిని శుభ్రపరచడానికి పడిన శ్రమే ఊరి నీటిని మలినపరచే సాధనంగా మారడం ఈ వ్యవహారంలోని వైపరీత్యం. కనుక ఇంట్లో ఆయిల్ మార్చిన తరువాత ఎంతవరకు శుభ్రపరచాలి, ఎలా శుభ్రపరచాలి అన్నది ఒక్క ఇంటి సంగతిగా కనిపించినా, నిజానికి ఊరి సంగతి. సరిహద్దు పల్లెల విషయంలో అది రెండు రాష్ట్రాల సంగతి.

కొత్త నియమం – చేరని ప్రయోజనం

ఈ విషయం నేడు చర్చకు రావలసిన కారణం ఒకటున్నది. వాడిన నూనెను మన దేశంలో ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద పరిగణిస్తున్నారు. 2016 నాటి ఆ నియమాలకు 2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం సవరణ తెచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని సారాంశం ఇది: కందెన నూనెలను తయారు చేసి అమ్మే సంస్థలే, వాడిన తరువాత ఆ నూనె తిరిగి శుద్ధి కేంద్రాలకు చేరే బాధ్యతను వహించాలి. 2024-25లో 5 శాతంతో మొదలైన ఈ లక్ష్యం ఏటేటా పెరుగుతూ 50 శాతానికి చేరవలసి ఉన్నది. నమోదైన శుద్ధి కేంద్రాలు తాము శుద్ధి చేసిన నూనెకు పత్రాలు పొందుతాయి. ఉత్పత్తి సంస్థలు ఆ పత్రాలను కొని తమ బాధ్యతను నెరవేర్చుకుంటాయి. ఈ లెక్కలన్నీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షణలో సాగుతాయి.

ఉద్దేశం మంచిదే. అయితే ఇందులో పల్లె ఎక్కడున్నది? శుద్ధి కేంద్రానికి నూనె కావాలి. బస్సు డిపోలలో, కర్మాగారాలలో, పెద్ద సర్వీసు సెంటర్లలో పీపాల కొద్దీ నూనె ఒకేచోట దొరుకుతుంది. ఊరూరా తిరిగి ఇంటింటి నుంచి లీటరు, రెండు లీటర్లు సేకరించడం ఎవరికీ గిట్టుబాటు కాదు. లక్ష్యం తక్కువగా ఉన్నంత కాలం దానిని పట్టణాల నూనెతోనే పూరించుకోవచ్చు. లక్ష్యం పెరిగేకొద్దీ సేకరణ పల్లెల దాకా రాక తప్పదని ఆశించవచ్చునేమో గాని, అంతవరకు పల్లె నూనె పల్లె కాలువలోనే పారుతుంటుంది.

చెత్త నియమాల సంగతి చూచినా ఇదే తీరు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలలో ఇళ్ళ నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాల జాబితా ఉన్నది. రంగు డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు, వాడిన బ్యాటరీలు, సూదులు అందులో పేరుపేరునా కనిపిస్తాయి. ఇంజనాయిల్ పేరు మాత్రం అందులో లేదు. ‘మొదలైనవి’ అన్న చివరి మాటలోనే దానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. పైగా ఆ నియమాల దృష్టి ప్రధానంగా పట్టణాల మీదనే నిలిచింది. 2026 ఏప్రిల్ నుంచి అమలుకు నిర్దేశించిన కొత్త నియమాలు తడి, పొడి, పారిశుద్ధ్య వ్యర్థాలతో పాటు ‘ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థాలు’ అనే నాలుగవ తరగతిని ఏర్పరచాయి. ఇంటి నుంచి వచ్చే నల్ల నూనెకు, నూనె పీల్చిన గుడ్డకు ఆ తరగతిలో చోటు కల్పించమని కోరడానికి పంచాయతీలకు ఇది తగిన అదను.

ఒక ఊరి లెక్క

‘ఒక్క లీటరుతో ఏమవుతుంది’ అన్న మాట సర్వత్రా వినిపిస్తుంది. లెక్క వేసి చూడడం మంచిది. సాధారణమైన 100 సీసీ మోటారు సైకిలులో సుమారు ఒక లీటరు ఇంజనాయిల్ పడుతుంది. ట్రాక్టరులో దాని సామర్థ్యాన్ని బట్టి ఆరు నుంచి పది లీటర్ల వరకు పడుతుంది. ఒక ఊరిలో 300 మోటారు సైకిళ్ళు, 20 ట్రాక్టర్లు ఉన్నాయనుకుందాం. ప్రతి బండికి ఏడాదికి మూడుసార్లు నూనె మార్చితే మోటారు సైకిళ్ళ నుంచి 900 లీటర్లు, ట్రాక్టరుకు ఎనిమిది లీటర్ల చొప్పున 480 లీటర్లు, మొత్తం 1,380 లీటర్లు. ఇది 200 లీటర్ల పీపాలు దాదాపు ఏడు. ఇంజనులో కొంత కాలిపోయినా, కొంత మెకానిక్ దుకాణానికి చేరినా, మిగిలినది తక్కువేమీ కాదు.

నీటి మీద నూనె ఎంత పలుచగా పరచుకుంటుందో బడి పిల్లలు కూడా లెక్కించగలరు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు మందంతో ఒక లీటరు నూనె పరచుకుంటే అది 1,000 చదరపు మీటర్లను కప్పుతుంది. అనగా దాదాపు పావు ఎకరం. చెరువు మీద ఇంద్రధనుస్సు రంగులతో మెరిసే పొర అంత పలుచనిదే. ఆ పొర గాలికీ నీటికీ నడుమ అడ్డుగా నిలుస్తుంది. ఒక్కసారి నూనె మార్చగా వచ్చే వ్యర్థం పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తున్నది. నూనె ఒక గ్యాలను అనుకున్నా, మన కొలతలలో లీటరుకు పది లక్షల లీటర్లు. అరవై వేల లీటర్ల ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును పదహారు, పదిహేడు సార్లు నింపినంత నీరు.

కొత్త నూనెకూ వాడిన నూనెకూ భేదం గుర్తెరగాలి. ఇంజనులో తిరిగిన నూనె ఇంధనం కాలగా వచ్చిన మసిని, లోహాల అరుగుదలను, బహుచక్రీయ హైడ్రోకార్బన్లనే హానికర రసాయనాలను తనలో కలుపుకుంటుంది. ఈ రసాయనాలలో కొన్ని క్యాన్సరు కారకాలు. వాడిన ఇంజనాయిల్‌ను పదేపదే పూసిన ప్రయోగశాల ఎలుకలకు చర్మ క్యాన్సరు సోకినట్లు పరీక్షలు తెలిపాయి. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చిన తరువాత నూనెలో సీసం బాగా తగ్గింది. ఇది గుర్తించదగిన మేలు. అయినా మిగిలిన లోహాలు, రసాయనాలు మిగిలే ఉన్నాయి. అప్పుడప్పుడు చేతికి అంటిన నూనెతో భయపడనవసరం లేదు. ఏళ్ళ తరబడి, కడగకుండా, చర్మానికి అంటి ఉండడమే ప్రమాదం. నూనె మార్చేది ఒకరు, కడిగేది మరొకరు అన్న ఇంటి ఏర్పాటులో ఆ ప్రమాదపు వాటా ఆడవారి చేతులకు కూడా దక్కుతున్నదన్న సంగతి విస్మరింపరాదు.

నేలను బట్టి ముప్పు

సరిహద్దు జిల్లాల నేలలన్నీ ఒక తీరువి కావు. బళ్ళారి, రాయచూరు ప్రాంతాల నల్లరేగడి వేసవిలో నోళ్ళు తెరుస్తుంది. ఆ పగుళ్ళలో పోసిన నూనె పైపైన ఆగక నేరుగా లోతుకు దిగుతుంది. తడిసి మూసుకున్న రేగడిలో గాలి తక్కువ గనుక అక్కడ చేరిన నూనెను సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి చాలాకాలం పడుతుంది. కోలారు, కృష్ణగిరి వైపు గరప నేలలలోనూ, పాలారు వెంబడి ఇసుక నేలలలోనూ నూనె వడిగా ఇంకుతుంది. అక్కడి జనం నమ్ముకున్నది బోరుబావులను. బోరు పైపు చుట్టూ సిమెంటు దిమ్మె లేకపోతే పక్కన ఒలికిన నూనె వాననీటితో కలిసి ఆ పైపు వెంబడే కిందికి దిగవచ్చు. కాబట్టి బోరు దగ్గర, బావి గట్టు మీద నూనె మార్చడం ఏ నేలలోనైనా తగని పని.

యానాం వద్ద సమస్య స్వరూపం వేరు. గౌతమి గోదావరి మీద తిరిగే మరపడవల డీజిలు ఇంజనుల నూనె మార్చేది ఒడ్డునే, ఒక్కొక్కసారి నీటి మీదనే. పడవ అడుగున చేరిన నూనె నీళ్ళను తోడి నదిలోకి పోయడం మామూలైపోయింది. చేరువలోనే కోరింగ మడ అడవులున్నాయి. మడచెట్లు బురదలోంచి పైకి తలెత్తిన వేర్లతో గాలి పీలుస్తాయి. ఆ వేర్లకు నూనె పూత పడితే చెట్టుకు ఊపిరి ఆడదు. ఆ చెట్ల నీడలో పెరిగే రొయ్య, పీత, చేపపిల్లలే అక్కడి మత్స్యకారుల జీవనాధారం. కాలువలోకి వదిలిన నూనె చివరకు వలలోని ఆదాయాన్నే తగ్గిస్తుంది.

‘ఉపయోగాలు’ – అపోహలు

పల్లెలలో నల్ల నూనెను పారవేయడం కన్న వాడుకోవడమే ఎక్కువని కొందరి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. పొదుపు పల్లెకు సహజగుణం. కాని ఏ వాడుక మేలో, ఏది కీడో వేరు చేసి చూడాలి.

దూలాలకు, కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూయడం ఒక వాడుక. వానకు తడిసిన గుంజ నుంచి అదే నూనె మళ్ళీ నేలకు దిగుతుంది. గొడ్ల కొట్టంలో గుంజలకు పూస్తే పశువులు నాకుతాయి. పశువులు వాడిన నూనెను నాకి లోహ విషానికి గురైన ఉదంతాలు పశువైద్య గ్రంథాలలో ఉన్నాయి. కుక్కల గజ్జికి, ఎద్దుల మెడపుండుకు నూనె పూయడం మరో వాడుక. కుక్క తన ఒంటిని నాకుతుంది. పూసిన నూనె కడుపులోకి పోతుంది, చర్మం మరింత రేగుతుంది. పశువైద్యశాలలో దొరికే మందు ఇంతకన్న సురక్షితం.

దోమల నివారణకు రంపపు పొట్టును వేస్టాయిలులో నానబెట్టి ఉండలుగా కట్టి కాలువలలో వేయడం కొన్ని పురపాలక సంఘాలు, పంచాయతీలు అనుసరిస్తున్న పద్ధతి. నూనె పొర కింద దోమ పిల్లలు గాలి అందక చస్తాయి. ఇది నిజమే. కాని మలేరియా నివారణ కార్యక్రమంలో వాడే నూనె ఆ పనికోసమే తయారైనది, లోహాలు నిండిన నల్ల నూనె కాదు. పారే కాలువలో వేసిన ఉండ దోమను కొంత చంపి, దిగువ చెరువును కొంత చంపుతుంది. నీరు నిలువకుండా కాలువ పూడిక తీయడమే దీనికి సరియైన చికిత్స.

దుమ్ము లేవకుండా దారి మీద చల్లడం నాలుగవది. దీని పర్యవసానం అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో టైమ్స్ బీచ్ అనే ఊరు చూసింది. 1970ల దశకంలో అక్కడి మట్టిదారుల మీద దుమ్ము అణచడానికి వాడిన నూనె చల్లారు. ఆ నూనెలో ఒక రసాయన కర్మాగారపు విషవ్యర్థం కలిసి ఉన్నది. 1982 చివరలో ఆ సంగతి బయటపడగా, మరుసటి ఏడాది ఊరినే కొని ఖాళీ చేయించాలని ప్రభుత్వం నిర్ణయించవలసి వచ్చింది. మన ట్రాక్టరు నూనెలో అంతటి విషం ఉండదు. పాఠం మాత్రం ఒకటే: నూనెలో ఏమి కలిసిందో కంటికి కనిపించదు.

సెంట్రింగు రేకులకు పూయడానికి కొనుక్కుపోయేవారు, ఇటుక బట్టీలకు తీసుకుపోయేవారు ఊరూరా ఉన్నారు. పొయ్యిలో కాల్చినప్పుడు లోహాలు పొగతో పాటు గాలిలో కలుస్తాయి. ఇక ఆమ్లం, మట్టి కలిపి రంగు తేల్చి, కొత్త డబ్బాలలో నింపి నకిలీ ఇంజనాయిల్‌గా అమ్మే అక్రమం వేరే ఉన్నది. అలా అమ్మిన నూనె చివరకు అదే రైతు ఇంజనును అరగదీస్తుంది. నమోదైన శుద్ధి కేంద్రానికి చేరితే ఇదే నూనె నిక్షేపం. సుమారు 159 లీటర్ల ముడి చమురు నుంచి వచ్చే రెండున్నర లీటర్ల లోపు కందెన నూనెను, 3.8 లీటర్ల వాడిన నూనె నుంచే తిరిగి రాబట్టవచ్చునని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. నూనె అరిగిపోదు, మురికి పడుతుంది. మురికి తీస్తే మళ్ళీ నూనెయే.

ఎంతవరకు శుభ్రపరచాలి?

ఇక అసలు ప్రశ్న. శుభ్రత అనగానే నీరు, సబ్బు గుర్తుకు రావడం మన అలవాటు. నూనె విషయంలో ఈ అలవాటు తలకిందులు కావాలి. నూనె మీద మొదట నీరు పడరాదు. సబ్బు నూనెను చంపదు, సన్నని బిందువులుగా విడగొట్టి నీటితో కలిసి పోయేటట్లు చేస్తుంది. కళ్ళాపి చల్లితే మరక ముంగిలంతా పరచుకుంటుంది. కిరోసిన్, పెట్రోలు పోసి రుద్దితే ఒక నూనెకు మరొక నూనె తోడై, నేలలోకి మరింత లోతుకు దిగుతుంది. అగ్ని భయం అదనం.

శుభ్రత ముందుగానే మొదలు కావాలి. బండి కింద పాత ప్లాస్టిక్ పట్టాయో మందపాటి గోనెసంచో పరచి, దాని మీద వెడల్పాటి తట్ట ఉంచాలి. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు వదిలితే పూర్తిగా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. ఫిల్టరును విప్పిన వెంటనే చెత్తలో వేయక, తట్ట మీద బోర్లించి ఒక రాత్రి ఉంచితే అందులోని నూనె చాలావరకు కారిపోతుంది.

ఒలికిన చోట మొదట పొడిగా పీల్చాలి. పల్లెలో దీనికి కొదవ లేదు: బూడిద, వరిపొట్టు, రంపపు పొట్టు, ఎండుమట్టి. మరక మీద దళసరిగా చల్లి, కాలితో కాక చీపురు మొనతో అద్ది, కొంతసేపు వదలి, ఊడ్చి తీయాలి. మళ్ళీ కొత్త బూడిద చల్లాలి. చల్లిన బూడిద నల్లబడక తన రంగుతోనే మిగిలినప్పుడు పీల్చడం పూర్తి అయినట్లు. సాధారణంగా రెండు మూడు సార్లతో సరిపోతుంది. సిమెంటు, నాపరాయి నేల అయితే ఆ తరువాత తడిగుడ్డకు కొద్దిగా సబ్బు అంటించి తుడిచి, ఆ గుడ్డను వేరుగా ఉంచాలి. నీళ్ళు కుమ్మరించరాదు. మట్టి నేల అయితే నల్లబడిన మట్టిని పారతో గీకి తీయాలి. రంగు మారని, నూనె వాసన రాని మట్టి తగిలేవరకు తీస్తే చాలును.

ఇంతవరకు చేస్తే శుభ్రత పూర్తి అయినట్లే. రాతి మీద మిగిలిన లేత మరక కంటికి వెలితిగా తోచవచ్చు. కాని రాయి రంధ్రాలలో ఇంకి గట్టిపడిన ఆ మరక చేసే హాని అత్యల్పం. దానిని పోగొట్టడానికి వాడే ఆమ్లాలు, కిరోసిన్, బిందెల కొద్దీ నీరు చేసే హాని అంతకన్న అధికం. పరీక్షకు ఒక ఉపాయమున్నది. ఆ చోట దోసెడు నీరు చిలకరించి చూడాలి. నీటి మీద రంగురంగుల పొర తేలితే ఇంకా పీల్చవలసి ఉన్నది. తేలకపోతే ఆ మరకను అలాగే వదలవచ్చు. కనబడే మరక పట్ల కొంత ఓర్పు, కనబడని ద్రవం పట్ల ఏమాత్రం ఓర్వలేనితనం – శుభ్రతకు ఇదీ కొలమానం.

తీసిన నూనెను బిగుతైన మూత గల ఖాళీ ఇంజనాయిల్ డబ్బాలోనే పోయాలి. నీళ్ళ సీసాలలో, శీతలపానీయాల సీసాలలో పోస్తే పిల్లలు పొరబడతారు. పురుగుమందు డబ్బాలలో పోస్తే నూనె మొత్తం విషమవుతుంది. అందులో నీరు, పెట్రోలు, రంగు, రేడియేటరు కూలెంటు కలపరాదు. కలిసిన నూనెను శుద్ధి కేంద్రాలు తీసుకోవు. కూలెంటు రుచికి తియ్యగా ఉండి కుక్కలను, దూడలను ఆకర్షించే విషం గనుక దానిని కూడా నేల మీద వదలరాదు. నూనె పీల్చిన పొట్టు, మట్టి, గుడ్డలు, ఫిల్టరు అన్నీ ఒక మూత గల రేకు డబ్బాలో, పొయ్యికి దూరంగా, వాన తగలనిచోట ఉంచాలి. వాటిని పెంటకుప్పలో వేస్తే ఎరువుతో పాటు పొలానికి చేరతాయి. పొయ్యిలో వేస్తే పొగతో పాటు వంటింటికి చేరతాయి. చేతులను ముందుగా పొడిగుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడగాలి. పెట్రోలుతో కడగడం చర్మానికి రెండవ దెబ్బ. నూనె అంటిన బట్టలను పసిపిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు.

గీత దాటే నీరు, గీత దాటని నియమం

సరిహద్దు పల్లెల ప్రత్యేకత ఇక్కడ పరిశీలింపదగినది. రాయగడ దాటి వచ్చే నాగావళి నీరే శ్రీకాకుళం దాకా పారుతుంది. గుణుపురం మీదుగా వచ్చే వంశధారదీ అదే కథ. కర్ణాటకలో పుట్టిన పెన్న గౌరీబిదనూరు దాటి హిందూపురం వైపు వస్తుంది. కోలారు నుంచి వచ్చే పాలారు కుప్పం ప్రాంతాన్ని తాకి తమిళనాడుకు పోతుంది. నగరి వైపు నుంచి వెళ్ళే కుశస్థలి పళ్ళిపట్టు మీదుగా పూండి జలాశయం చేరి చెన్నై దాహం తీరుస్తుంది. ఒక రాష్ట్రంలో కాలువలో పోసిన నూనెను మరొక రాష్ట్రంలో బిందెతో ముంచుకుంటున్నాము. ముంచుకునేవారు తరచుగా పోసినవారి బంధువులే. పిల్లనిచ్చిన ఊరు గీతకు అవతల, పొలమున్న ఊరు ఇవతల కావడం ఇక్కడ సర్వసాధారణం.

నీటికి లేని హద్దు కాగితానికి ఉన్నది. వాడిన నూనె వంటి వ్యర్థాన్ని శుద్ధి కోసం ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పంపేటప్పుడు, రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళకూ ముందుగా తెలియజేయాలని 2016 నియమాలు చెబుతున్నాయి. విషవ్యర్థాల దొంగరవాణాను అరికట్టడానికి ఇది అవసరమే. కాని దాని ఫలితం సరిహద్దు పల్లెకు ప్రతికూలంగా ఉన్నది. ఐదు కిలోమీటర్ల దూరంలో పక్క రాష్ట్రపు పట్టణమున్నా, అక్కడి సేకరణదారు వాహనం ఇటు రావడానికి వెనుకాడుతుంది. సొంత రాష్ట్రపు సేకరణదారుకు ఈ ఊరు దూరమవుతుంది. యానాం సంగతి మరీ విచిత్రం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్, కాలుష్య వ్యవహారాలు చూసేది వందల కిలోమీటర్ల దూరానున్న పుదుచ్చేరి.

భాష కూడా ఒక గోడయే. ఇంట్లో తెలుగు, పంచాయతీ ఫలకం మీద కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో. బడిలో పిల్లలు ఆ భాష చదువుతారు గనుక వారికి తెలుస్తుంది. బండి నూనె మార్చే పెద్దలకు తరచుగా ఆ అక్షరాలు రావు. డబ్బా మీద తెలుగులో ‘వాడిన నూనె’ అని, దాని పక్కన కర్ణాటకలో ‘బళసిద ఎణ్ణె’, తమిళనాడులో ‘కళివు ఎణ్ణెయ్’, ఒడిశాలో ‘పోడా మొబిల్’, మహారాష్ట్రలో ‘వాపరలేలే తేల్’ అని ఆయా లిపులలో వ్రాయించడానికి అయ్యే ఖర్చు ఒక రంగు డబ్బా. ఆ వ్రాతను పిల్లలచేతనే వ్రాయిస్తే ఇంటికి ఆ మాట వారే చేరవేస్తారు.

ఊరు చేయగలిగినది

ప్రభుత్వ యంత్రాంగం వచ్చేవరకు ఊరు చేతులు ముడుచుకోనవసరం లేదు. మొదటి మార్గం అతి సులభం: కొత్త నూనె కొన్న దుకాణానికో, అలవాటైన మెకానిక్‌కో పాత నూనె డబ్బాను తిరిగి ఇవ్వడం. నాలుగు లీటర్ల డబ్బాను పక్క ఊరి మెకానిక్‌కు అందించే రైతును దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు పైన చెప్పిన రవాణా నియమం. అయితే ఆ మెకానిక్ దానిని ఎవరికి అమ్ముతున్నాడో అడిగే హక్కు ఇచ్చినవారికి ఉన్నది. అడిగేవారు పదిమంది అయితే జవాబు మారుతుంది.

రెండవది, పాల సంఘమో సహకార సంఘమో ఉన్నచోట, పైకప్పు కింద, సిమెంటు నేల మీద, చుట్టూ చిన్న గట్టు కట్టి ఒక పీపా ఉంచడం. గట్టు ఎందుకంటే పీపా కారినా నూనె బయటికి పారకుండా. తాళంచెవి ఒకరి బాధ్యత, ఎవరు ఎంత పోశారో ఒక నోటు పుస్తకంలో వ్రాయడం మరొకరి బాధ్యత. పీపా నిండితే ఎవరిని పిలవాలో ముందుగానే తెలిసి ఉండాలి. అందుకై పంచాయతీ తన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఒక ఉత్తరం వ్రాసి, నమోదైన సేకరణదారుల వివరాలను, పీపా ఉంచడానికి పాటించవలసిన షరతులను కోరాలి. గీతకు ఇరువైపులా ఉన్న రెండు పంచాయతీలు కలిసి రెండు మండళ్ళకూ ఒకే కోరిక పంపితే దానికి బలం ఎక్కువ.

మూడవది, ఆయుధపూజ. దసరా నవమినాడు, ముఖ్యంగా కర్ణాటక, తమిళనాడు పల్లెలలో, ప్రతి బండినీ కడిగి పూలమాల వేస్తారు. ఆ ముందురోజు చెరువులో, కాలువలో ట్రాక్టర్లు దించి కడగడం, నూనె మార్చడం రివాజు. ఏడాది మొత్తంలో ఒకేరోజు అత్యధికంగా నూనె నీటిలో కలిసే సందర్భమిదే కావచ్చు. చెరువుగట్టుకు దూరంగా ఒక మెరక స్థలాన్ని ఆ రోజుకు కేటాయించి, పీపాను, బూడిద బస్తాను అక్కడ పెట్టడానికి పంచాయతీ తీర్మానం ఒక్కటి చాలును. యంత్రానికి పూజ చేసే చేతులే గంగకు అపచారం చేయడం ఎవరికీ సమ్మతం కాదు. తెలియక జరుగుతున్నది.

ఉత్పత్తి సంస్థల బాధ్యత పెరుగుతున్నదని చట్టం చెబుతున్నది. ఆ బాధ్యత పల్లె దాకా రావాలంటే పల్లె నుంచి అడిగే గొంతు రావాలి. అడిగే ముందు తన ముంగిలి సరిచేసుకోవడం పల్లె మర్యాద. బండి కింద ఒక పట్టా, పక్కన ఒక తట్ట బూడిద, మూత గల ఒక డబ్బా – ఈ మూడు ఉన్న ఇంటిలో రాతి మీద లేత మరక మిగిలినా ఆ ఇల్లు శుభ్రమైనదే. మరక లేకుండా కడిగి కాలువలోకి వదిలిన ఇంటి సంగతి దిగువనున్న ఊరి బావి చెబుతుంది.